ఒక పలక, ఎనిమిది వ్యాగన్లు: 1978 నాటి బ్రిటిష్ డీజిల్ యార్డు ఇంట్లో కట్టుకోవడం ఎలా?

ఇంజన్ కొనకముందే ఒక ఏడాది, ఒక చోటు అనుకోండి. మోడల్ రైల్వే మొదలుపెట్టేవాళ్లలో చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. కంటికి నచ్చిన ఇంజన్ కొంటారు, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత పట్టాలు. అన్నీ సర్దాక బొమ్మల కొలువు తయారవుతుంది. కొలువులో రాముడి పక్కన పోలీసు నిలబడినా ముచ్చటే. యార్డులో మాత్రం ఆ ముచ్చట కుదరదు.

నేను ఎంచుకున్నది 1978, ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి బొగ్గు డిపో. బ్రిటిష్ రైల్ (అప్పటి అక్కడి ప్రభుత్వ రైల్వే) మెయిన్‌లైన్ల మీద ఆవిరి ఇంజన్లు 1968 ఆగస్టుతో ఆగిపోయాయి, కాబట్టి వాటి జోలికి వెళ్లక్కర్లేదు. 1970ల మొదట్లో ఇంజన్లకు కంప్యూటర్ లెక్కకు తగ్గ కొత్త నంబర్లు వచ్చాయి. అంతకుముందు డి6700 వరసలో ఉన్న బండ్లు క్లాస్ 37 అయ్యాయి. ముందువైపు పెట్టెలో అంకెలు, అక్షరంతో చూపించే రైలు కోడ్ 1976 జనవరి నుంచి అవసరం లేకుండా పోయింది. చాలా ఇంజన్లకు ఆ చోట నల్లటి పలక మీద రెండు తెల్ల చుక్కలు మిగిలాయి. రంగు నీలం, మొహం పసుపు. బూడిద రంగు రైల్‌ఫ్రైట్ (సరుకు రవాణా విభాగం) ఇంజన్లు 1980లలో వచ్చినవి, షాపులో ఎంత బాగా కనిపించినా పక్కన పెట్టాల్సిందే. ఇలా ఒక్క ఏడాది ఖాయం చేసుకుంటే కొనాల్సిన జాబితా సగానికి సగం తగ్గిపోతుంది, జేబుకూ మంచిది.

స్కేలు

బ్రిటిష్ బండ్లకు ఎక్కువ రకాలు దొరికేది ఓఓ స్కేలులో. అంటే అసలు బండిలో దాదాపు 76వ వంతు (కచ్చితంగా 76.2). ఇందులో ఒక తిరకాసు ఉంది. అసలు పట్టాల మధ్య దూరం 1435 మి.మీ. ఈ లెక్కన మోడల్‌లో 18.83 మి.మీ. రావాలి. కానీ ఓఓ బండ్లు నడిచేది 16.5 మి.మీ. పట్టాల మీద. ఎదురుగా వంగి చూస్తే ఇంజన్ కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. దీన్ని సరిచేసే పద్ధతులు ఉన్నాయి గానీ చక్రాలన్నీ మార్చుకోవాలి. మొదటి లేఅవుట్‌కి ఆ టెన్షన్ వద్దు. పక్క నుంచి చూసేలా పట్టాలు పరిచే పలకను కంటి ఎత్తులో పెడితే ఆ తేడా ఎవరికీ తెలియదు.

ప్లాను

గుండ్రంగా తిరిగే పట్టా వద్దు. చిన్న గదిలో గుండ్రం గీస్తే వంపు బిగుతైపోతుంది, రైలు తన తోకను తానే తరుముతుంది. దానికి బదులు అలన్ రైట్ అనే బ్రిటిష్ మోడలర్ తయారుచేసిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ ప్లాను తీసుకోండి. రెండు పాయింట్లు (బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించేవి), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు). ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పడతాయి. పాయింట్లకు ఇవతల ఇంజన్, మూడు వ్యాగన్లు మాత్రమే పట్టేంత పట్టా ఉంటుంది. ఆ ఇరుకే ఇందులో ఆట.

ఇంజన్‌గా క్లాస్ 08 షంటర్, అంటే యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ జరిపే చిన్న ఇంజన్, తీసుకోండి. 1952 నుంచి 1962 దాకా ఇవి 996 కట్టారు, అప్పట్లో బ్రిటన్‌లో అవి కనిపించని పెద్ద యార్డు అరుదు. నీలం ఒళ్లు, రెండు చివర్లా పసుపు నలుపు ఏటవాలు చారలు. ఓఓలో పొడవు 12 సెం.మీ. లోపే. క్లాస్ 37 కొనాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. అది దాదాపు 25 సెం.మీ. ఉంటుంది, అదే కావాలంటే పాయింట్లకు ఇవతలి ఆ పొట్టి పట్టాను కనీసం 13 సెం.మీ. పెంచుకోవాలి. 08 ఒక్కటే అయితే ఐదడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలక హాయిగా సరిపోతుంది.

వ్యాగన్లు 16 టన్నుల ఉక్కు బొగ్గు వ్యాగన్లు. బ్రేకు గొట్టం లేనివి బూడిద రంగు, వాక్యూమ్ బ్రేకు ఉన్నవి ఇటుక గోధుమ రంగు. పక్కన ఏటవాలుగా ఉండే తెల్ల గీత అలంకారం కాదు, తలుపు ఏ చివర తెరుచుకుంటుందో పనివాళ్లకు చెప్పే గుర్తు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు మోడల్ రైల్వే ఎగ్జిబిషన్లలో సెకండ్‌హ్యాండ్ బల్లల దగ్గర వెతకండి. ఎలాగూ మురికి చేయబోతున్నాం కాబట్టి కొత్తవే కానక్కర్లేదు.

పలక, పట్టాలు, కరెంటు

9 మి.మీ. ప్లైవుడ్, కింద చెక్క ఫ్రేము. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పలక వంగితే పట్టా వంగుతుంది, ఆ తర్వాత ఏ ఇంజనూ మాట వినదు.

పాయింట్లు కొనేటప్పుడు మధ్యలో పట్టాలు కలిసే ముక్క, అంటే ఫ్రాగ్, లోహంతో చేసి కరెంటు పారేదే తీసుకోండి. ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద 08 లాంటి పొట్టి ఇంజన్ నెమ్మదిగా వెళ్తే చక్రాలకు కరెంటు అందక ఆగిపోతుంది, వేలితో తోయాల్సి వస్తుంది. లోహపు ఫ్రాగ్ ఉంటే దాని తర్వాత వచ్చే రెండు లోపలి పట్టాలను ప్లాస్టిక్ జాయినర్లతో కలపండి, లేకపోతే షార్ట్ అవుతుంది. కంట్రోలర్ నుంచి వచ్చే రెండు వైర్లను ఇంజన్ నిలబడే ఆ పొట్టి పట్టా వైపు సోల్డర్ చేయండి. అప్పుడు పాయింట్ ఎటు తిరిగితే అటు సైడింగుకే కరెంటు వెళ్తుంది, వేరే స్విచ్చులు అక్కర్లేదు. ఒక్క ఇంజన్‌కి మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్ చాలు. శబ్దాలు వచ్చే డిజిటల్ చిప్ తర్వాత చూసుకోవచ్చు.

ఎండాకాలంలో పట్టాలు సాగుతాయి. చలికాలంలో బిగిస్తున్నట్టయితే జాయినర్ల దగ్గర పోస్ట్‌కార్డు మందం ఖాళీ వదలండి. ఇంకేమీ అతికించకముందే రెండు రోజులు బండి నడిపి చూడండి.

నేల, మురికి

మెయిన్‌లైన్‌లో ఉండే శుభ్రమైన కంకర యార్డులో ఉండదు. బూడిద, బొగ్గు పొడి, నూనె మరకలు స్లీపర్ల అంచుల దాకా పేరుకుని ఉంటాయి. ఎండిన మట్టిని టీ వడకట్టే జల్లెడలో జల్లించి, కాస్త బూడిద కలిపి పరవండి. నీళ్లు స్ప్రే చేసి, ఫెవికాల్‌కు సమానంగా నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో వదలండి. పాయింట్ల కదిలే నాలుకల దగ్గరికి మాత్రం పోకండి. నేను పోయాను. పొద్దున లేచేసరికి పాయింట్ రాయిలా బిగుసుకుంది, దాన్ని పీకడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది.

పట్టాల పక్కలకు తుప్పు రంగు వేసి, పైభాగం ఆరకముందే తుడిచేయండి. వ్యాగన్ల లోపలా బయటా తుప్పు మచ్చలు పెట్టి, నలుపు, గోధుమ యాక్రిలిక్ రంగుల్ని బాగా పలచన చేసి పూయండి, పై నుంచి కిందికి గుడ్డతో తుడవండి. వాన కారినట్టే చారలు మిగులుతాయి. బొగ్గు లోడుకి నల్ల రంగు ఇసుక కంటే అసలు బొగ్గు దంచి అట్టముక్క మీద అతికిస్తేనే ఆ మెరుపు వస్తుంది. కొత్తగూడెం, గోదావరిఖని వాళ్లకు దాని కోసం ఆర్డర్లు పెట్టే బాధ లేదు.

నడపడం

మోడల్ ఎంత బాగా చేసినా ఒక్క వేగంతో బొమ్మ అయిపోతుంది. షంటింగ్‌లో ఇంజన్ మనిషి నడకను పెద్దగా దాటదు. గంటకు 5 మైళ్ల వేగాన్ని ఓఓలోకి మారిస్తే మీటరు దూరానికి 34 సెకన్లు పట్టాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒకసారి ప్రయత్నించండి, ఎంత నెమ్మదో చూసి నవ్వొస్తుంది. కంట్రోలర్ మీద ఆ చోట చిన్న గీత గీసుకోండి. ఆగిన ప్రతిసారీ పది లెక్కపెట్టండి. అసలు యార్డులో ఒక మనిషి పొడవాటి కొక్కెం కర్ర పట్టుకుని నడిచి వచ్చి గొలుసు తగిలించాలి కదా! మోడల్‌లో కప్లింగ్ విప్పడానికి పాత బ్రష్ పిడికి సన్న తీగ కొక్కెం గుచ్చుకుంటే చాలు.

ఇక ఆట. వ్యాగన్లకు ఒకటి నుంచి ఎనిమిది దాకా చీట్లు రాసి ఐదు తీయండి. చీట్లు వచ్చిన వరసలోనే ఆ ఐదింటినీ పొడవు సైడింగులో నిలబెట్టాలి, మిగిలిన మూడూ వేరే సైడింగుకి వెళ్లాలి. ఇలాంటి వరసలు 6,720 ఉన్నాయి కాబట్టి వచ్చిందే మళ్లీ వచ్చే భయం లేదు. కావాల్సిన వ్యాగన్ ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది. మొదటిసారి నాకు ముప్పావుగంట పట్టింది. మధ్యలో 08 ఆగిపోతే చక్రాలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి తుడవండి, పదింట తొమ్మిదిసార్లు జబ్బు అక్కడే ఉంటుంది.