ఇలన్ పైప్స్‌కు రెగ్యులేటర్లు బిగించాక వచ్చే ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

ఐర్లండ్ వాళ్ల సంచి వాద్యం (బ్యాగ్‌పైప్) ఇలన్ పైప్స్‌లో ఎడమ చంక కింద గాలిసంచి, కుడి మోచేతి కింద దాన్ని నింపే చిన్న కొలిమితిత్తి ఉంటాయి. వేళ్లతో వాయించే గొట్టం చాంటర్ మీద పాట, ఆగకుండా ఒకే స్వరం పలికే గొట్టాలు డ్రోన్ల మీద శ్రుతి. ఇంతవరకే ఉంటే హాఫ్ సెట్. దీనికి మూడు రెగ్యులేటర్లు, అంటే మీట నొక్కితేనే పలికే గొట్టాలు, వాటి మీద మొత్తం 13 మీటలు చేరితే ఫుల్ సెట్. వేళ్లు చాంటర్ మీద ఉండగానే కుడి మణికట్టు అంచుతో మీటలు నొక్కి, పాటకు తోడు స్వరాలు పలికిస్తారు. కొత్తగా బిగించినప్పుడు ఏదో ఒకటి మొరాయిస్తుంది. వెంటనే కత్తి తీసి రీడ్ (గొట్టంలో ధ్వని పుట్టించే సన్న రెల్లు నాలుక) గీకకండి. గీకిన రీడ్ మళ్లీ మందం కాదు. పైగా తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు.

సంచి త్వరగా ఖాళీ అవుతోంది, నొక్కకుండానే మూలుగు వస్తోంది

మీట నొక్కనంతసేపు రెగ్యులేటర్ మూసిన గొట్టమే, గాలి తాగకూడదు. తాగుతోందంటే మీట కింది తోలు ప్యాడ్ సరిగా కూర్చోలేదు, లేదా గొట్టం స్టాక్‌లో (గొట్టాలను పట్టి ఉంచే దిమ్మలో) దిగే చోట చుట్టిన దారం వదులైంది. మూడింటినీ ఊడదీసి, ఆ రంధ్రాలకు బిరడాలు పెట్టి సంచి నొక్కండి. గాలి నిలిస్తే లీకు రెగ్యులేటర్లదే. ఒక్కొక్కటే తిరిగి పెడుతూ పోతే ఏదో తెలిసిపోతుంది. తర్వాత ప్యాడ్ కింద సన్న కాగితం పెట్టి లాగండి. ఒక పక్క పట్టి, ఇంకో పక్క జారితే ప్యాడ్ ఒరిగినట్టు. అతికించిన లక్కను కాస్త వేడిచేసి సరిగా కూర్చోబెట్టండి. దారం వదులైతే మైనం పట్టించిన దారం రెండు చుట్లు చాలు.

మీట నొక్కినా పలకదు

రీడ్ పెదవులు మరీ తెరుచుకున్నాయి. దాని నడుముకున్న లోహపు కట్టును వెంట్రుకవాసి నొక్కండి. ఎక్కువ నొక్కితే ఒత్తిడి పెరగగానే రీడ్ మూసుకుపోతుంది. చాంటర్ పై స్థాయికి గాలి గట్టిగా కావాలి కాబట్టి, ఆ ఒత్తిడిలోనూ పలికేలా చూసుకోండి.

స్వరం డ్రోన్‌తో కలవదు

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ట్యూనర్ యాప్‌ను నమ్మి కలిపితే ఇలాగే అవుతుంది. డ్రోన్ స్వరం డి అయితే, మూడింటిలో చిన్నదైన టెనర్ రెగ్యులేటర్‌లోని ఎఫ్ షార్ప్ మన లెక్కలో అంతర గాంధారం. డ్రోన్‌తో అది 5:4 నిష్పత్తిలో కలవాలి, అంటే యాప్ చూపే చోటుకంటే సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) కిందికి. యాప్ ఆపేసి, తంబురా పక్కన కూర్చున్నట్టు డ్రోన్‌తో పాటు వినండి. రెండు ధ్వనుల మధ్య అలలు ఆగిన చోటే సరైన చోటు. రెగ్యులేటర్ అంతా కిందికి ఉంటే రీడ్‌ను కొద్దిగా లోపలికి నెట్టండి, పైకి ఉంటే బయటికి లాగండి. ఒక్క స్వరమే పైకి పోతే దాని రంధ్రం అంచుకు కాస్త మైనం అద్దండి. ఒక్కటే కిందికి, మొద్దుగా ఉంటే ప్యాడ్ చాలినంత పైకి లేవడం లేదేమో చూడండి.

ఒక మీట పడుతుంది, పక్కది పడదు

పక్కపక్క రెగ్యులేటర్ల మీటల ఎత్తు సమంగా లేదు. రెగ్యులేటర్‌ను స్టాక్‌లో కాస్త అటూ ఇటూ తిప్పండి. మణికట్టుకు రెండూ ఒకేసారి తగిలే కోణం దొరికాక పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే, ఊడదీసిన ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.