వీఆర్‌లో నడక వంకర పోతాంటే నేనేం చేసినానంటే

అనంతపురంలో మా మిద్దె మీద వీఆర్ (కంప్యూటర్ కళ్లముందు చూపించే ఉత్తుత్తి లోకం) హెడ్‌సెట్ పెట్టుకొని నేనే చేసుకున్న సీన్‌లో స్తంభం దగ్గరికి నడుస్తాంటే ప్రతిసారీ విల్లు మాదిరి వంపు తిరిగి పోతాండా, మా తమ్ముడైతే "ఏంన్నా, తాగినావా" అని ఒకటే నవ్వు. రీసెట్ కొట్టినా లాభంల్యా. కోడ్‌లో చూస్తే నేను నడిచే దిక్కుకీ సీన్ కదిలే దిక్కుకీ 8 డిగ్రీల తేడా, తప్పు నాదే. దాన్ని ముట్టుకోకుండా ముందు ఉత్త నేల మీద బండల గీతలు, చుట్టూ గోడలకు రాళ్ల టెక్స్చర్ వేసి చూసినా, నడక చానా వరకు తిన్నగా అయిపాయ! బోడి నేలైతే స్తంభం ఏ పక్క కనపడితే ఆ పక్కకే పోతాం, గీతలూ రాళ్లూ వెనక్కి జరుగుతా కనపడితే ఆ కదలికను బట్టి దారి సర్దుకుంటామంట, 2001లో అమెరికా పరిశోధకుడు విలియం వారెన్ టీమ్ 10 డిగ్రీల తేడా పెట్టి వీఆర్‌లోనే తేల్చినారు. తర్వాత కోడ్ సరిచేసినా, రాళ్లు మాత్రం తీయలా.