నా కంప్యూటర్‌లో నడిచిన ఈఎక్స్‌ఈ షాపులో ఎందుకు మొరాయించింది?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపుకి పట్టీలు కొట్టే చిన్న ప్రోగ్రామ్ పైథాన్‌లో రాసిచ్చాను. టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, రేటు కొడితే ఖర్చులు పోను రైతుకి రావాల్సిన మొత్తం ప్రింటవుతుంది. షాపు కంప్యూటర్‌లో పైథాన్ లేదు కాబట్టి పైథాన్ ప్రోగ్రామ్‌ని నేరుగా నడిచే ఫైలుగా మార్చే పైఇన్‌స్టాలర్‌తో, అన్నీ ఒకే ఫైల్లో ఇమిడే వన్‌ఫైల్ పద్ధతిలో, ఒకే ఈఎక్స్‌ఈగా కట్టి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. అక్కడ ఎదురైన ఇబ్బందులు మీకూ ఎదురవుతాయి.

నల్ల విండో మెరిసి మాయమవుతోంది

ప్రోగ్రామ్ ఎర్రర్‌తో ఆగింది, దాంతోపాటే విండో మూసుకుపోయింది. డబుల్ క్లిక్ చేయకండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఈఎక్స్‌ఈని అందులోకి లాగి ఎంటర్ కొట్టండి. ఎర్రర్ అక్కడే నిలిచి ఉంటుంది. పని పూర్తిగా కుదిరేదాకా ఆ నల్ల విండోని దాచేసే నోకన్సోల్ ఆప్షన్ జోలికి పోవద్దు.

మాడ్యూల్ దొరకలేదంటోంది

మాడ్యూల్ అంటే ప్రోగ్రామ్ పిలిచి వాడుకునే కోడ్ ఫైలు. ముందు ఒకటి చూసుకోండి: లైబ్రరీ ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక ప్రాజెక్టు కోసం విడిగా పెట్టుకున్న పైథాన్‌లో), పైఇన్‌స్టాలర్ ఇంకో పైథాన్‌లో ఉన్నాయా? చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. రెండూ ఒకేచోట పెట్టి మళ్లీ కట్టండి. అది కాకపోతే కారణం ఇది: పైఇన్‌స్టాలర్ మీ కోడ్‌లోని ఇంపోర్ట్ లైన్లు చదివి మాడ్యూళ్లు పోగుచేస్తుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా పేరు తయారుచేసి పిలిచే మాడ్యూల్ దాని కంటపడదు. ఆ పేరుని హిడెన్ ఇంపోర్ట్ ఆప్షన్‌తో మీరే చెప్పాలి.

పొద్దున ఎక్కించిన పట్టీలు మధ్యాహ్నానికి లేవు

అన్నిటికన్నా నన్ను కంగారు పెట్టింది ఇదే. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. గుమాస్తా గారు పొద్దున పట్టీలన్నీ ఎక్కించి, భోజనానికి వెళ్తూ ప్రోగ్రామ్ మూశారు. తిరిగొచ్చి తెరిస్తే జాబితా ఖాళీ. ఆయన దగ్గర కార్బన్ కాపీ పుస్తకం ఉండబట్టి రైతుల లెక్క దక్కింది.

కారణం చూడాలంటే, ప్రోగ్రామ్ నడుస్తుండగా విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య టెంప్ అని కొట్టండి. అండర్‌స్కోర్ ఎమ్ఈఐతో మొదలై అంకెలతో ముగిసే ఫోల్డర్ ఒకటి కనబడుతుంది. వన్‌ఫైల్ ఈఎక్స్‌ఈ తెరిచిన ప్రతిసారీ తనలోని సరుకంతా అందులో విప్పుకుంటుంది, మూయగానే ఆ ఫోల్డర్‌ని చెరిపేస్తుంది. నేను తెలుగు ఫాంటుతో పాటు ఖాళీ డేటాబేస్‌ని కూడా యాడ్ డేటా ఆప్షన్‌తో లోపలే పెట్టి, రెండిటికీ ఒకే దారి (ఫైలు ఉండే చోటు) రాశాను. పట్టీలు ఆ తాత్కాలిక ఫోల్డర్‌లో చేరి, దానితోపాటే పోయాయి. తెరిచిన ప్రతిసారీ నా ఖాళీ డేటాబేసే మళ్లీ బయటికొచ్చింది.

పరిష్కారం: దారులు రెండు పెట్టుకోవాలి. చదవడానికి మాత్రమే పనికొచ్చే ఫాంటు, లోగో లాంటివి యాడ్ డేటాతో లోపల ఉండొచ్చు. వాటి చిరునామా సిస్ మాడ్యూల్‌లోని అండర్‌స్కోర్ ఎమ్ఈఐపాస్ ఇస్తుంది. రాసే ఫైలు ఏదైనా సరే, విండోస్ ఒక్కో యూజర్‌కి విడిగా ఇచ్చే యాప్‌డేటా ఫోల్డర్‌లో మీ ప్రోగ్రామ్ పేరుతో ఫోల్డర్ చేసి అక్కడే పెట్టండి. ఈఎక్స్‌ఈ పక్కనే పెడదామంటే, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు యూజర్‌కి రాసే అనుమతి ఉండదు. మార్చాక ఒక పట్టీ ఎక్కించి, మూసి, తెరిచి చూడకుండా ఎవరికీ ఇవ్వకండి.

తెరుచుకోవడం ఆలస్యం, యాంటీవైరస్ గొడవ

ఆలస్యానికి కారణం పైన చెప్పిన విప్పుకోవడమే. ఇక ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టడానికి పైఇన్‌స్టాలర్ ప్రతి ఈఎక్స్‌ఈకీ తగిలించే ముందుభాగాన్నే (బూట్‌లోడర్) వైరస్ రాసేవాళ్లూ వాడుతుంటారు, అందుకే అనుమానం మన మీదికీ వస్తుంది. ఒకే ఫైలుగా కాక వన్‌డిర్ పద్ధతిలో ఫోల్డర్‌గా కట్టి, ఫైలు సైజు తగ్గించే యూపీఎక్స్ కుదింపు ఆపేస్తే రెండు బాధలూ చాలావరకు తగ్గుతాయి. అప్పటికీ పట్టుకుంటే ఆ యాంటీవైరస్ కంపెనీకి ఫైలు పంపి తప్పు గుర్తింపని తెలపండి. యాంటీవైరస్ ఆపేయమని మాత్రం షాపువాళ్లకి చెప్పకూడదు. బ్యాంకు పనులు కూడా వాళ్లు ఆ కంప్యూటర్‌లోనే చేసుకుంటారు.

పాత కంప్యూటర్‌లో అసలు తెరుచుకోదు

విండోస్ 7 అయితే పైథాన్ 3.9, ఆపై వెర్షన్లు పనిచేయవు, 3.8తో కట్టాలి. 32 బిట్ విండోస్ అయితే 32 బిట్ పైథాన్ కావాలి. లినక్స్‌లో కూర్చుని విండోస్ ఈఎక్స్‌ఈ కట్టడం పైఇన్‌స్టాలర్‌తో కుదరదు. బయల్దేరే ముందే షాపుకి ఫోన్ చేసి, ఏ విండోస్, ఎన్ని బిట్లు అని అడిగి రాసుకోండి.