ఇంగ్లండ్‌లో ఫ్లాట్ల భవనం కొంటున్నారా? టెనెంట్ల తొలి హక్కును ఇలా సరిచూసుకోండి

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫ్లాట్ల భవనం ఫ్రీహోల్డ్ (భవనం, స్థలం మీద పూర్తి యాజమాన్యం) అమ్మాలంటే ముందు అందులోని టెనెంట్లకే, అంటే ఫ్లాట్లు లీజుకో అద్దెకో తీసుకున్నవాళ్లకే, ఇవ్వజూపాలి. 1987 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం పెట్టిన షరతు ఇది. నోటీసు ఇవ్వడం అమ్మేవాళ్ల బాధ్యతే కదా అని కొనేవాళ్లు ఊరుకుంటారు. జరిమానా అమ్మినవాళ్లకు పడుతుంది, భవనం మాత్రం కొన్నవాళ్ల చేయి జారుతుంది.

1. ఫ్లాట్లు లెక్కపెట్టండి. అర్హులైన టెనెంట్ల చేతిలో కనీసం రెండు ఫ్లాట్లు, అదీ మొత్తంలో సగానికి మించి ఉంటేనే హక్కు. లాంగ్ లీజు (ఏళ్ల తరబడి సాగే లీజు) వాళ్లూ, పాత అద్దె చట్టాల రక్షణ ఉన్న రెగ్యులేటెడ్ టెనెంట్లూ అర్హులు. అష్యూర్డ్ టెనెంట్లు, అంటే ఇప్పటి మామూలు అద్దెదారులు, కారు. అదే భవనంలో మూడు ఫ్లాట్లున్నవాళ్లూ కారు. దుకాణాలు, ఆఫీసులు లోపలి వైశాల్యంలో సగం దాటితే హక్కు లేదు.

2. సెక్షన్ 5 నోటీసుల (అమ్మేవాళ్లు టెనెంట్లకు భవనం ఇవ్వజూపే నోటీసులు) నకళ్లు తెప్పించుకోండి. ఒప్పుకోవడానికి కనీసం 2 నెలలు, ఎవరి పేరున కొంటారో చెప్పడానికి ఇంకో 2 నెలలు గడువుండాలి. నోటీసు కనీసం 90 శాతం మందికి చేరాలి. పదిమంది లోపైతే ఒక్కరిని మినహాయించి అందరికీ.

3. కాంట్రాక్టు మార్చుకోవడం, అంటే సంతకాలు చేసిన ఒప్పంద పత్రాలను ఇరుపక్షాలూ ఇచ్చిపుచ్చుకోవడం. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. రిజిస్ట్రేషన్ దాకా ఆగక్కర్లేదు, ఈ చట్టం దృష్టిలో కాంట్రాక్టే అమ్మకం. "టెనెంట్లు వద్దంటేనే చెల్లుతుందని షరతు రాసుకుందాం, నోటీసు తర్వాత ఇద్దాం" అనే సలహా వినకండి. షరతులున్న కాంట్రాక్టు కూడా అమ్మకం కిందికే వస్తుంది.

ధర దగ్గర ఇంకా జాగ్రత్త. టెనెంట్లు కాదన్నాక అమ్మడానికి 12 నెలల వ్యవధి ఉంటుంది, కానీ నోటీసులో రాసినదానికన్నా తక్కువకు అమ్మకూడదు. సర్వేలో పైకప్పు కారుతోందని తేలి, ధర తగ్గించుకున్నారా? మళ్లీ నోటీసు, మళ్లీ గడువు. అందుకే సర్వే నోటీసుకు ముందే చేయించాలి.

తప్పు జరిగితే మెజారిటీ టెనెంట్లు మీరు కొన్న ధరకే భవనం తమకు రాసివ్వమనొచ్చు. వివరాలడగడానికి వాళ్లకు 4 నెలలు, అమ్మమనడానికి 6 నెలలు ఉంటాయి. అమ్మకం సంగతీ, వాళ్ల హక్కులూ, గడువులూ తెలిపే కాగితాలు అందేదాకా ఆ లెక్క మొదలవదు. కాబట్టి గుట్టుగా ఉంటే గండం గడవదు. ఇండెమ్నిటీ బీమా (ఇలాంటి నష్టానికి పరిహారమిచ్చే బీమా) డబ్బిస్తుందేమో గానీ భవనాన్ని నిలబెట్టదు.

4. తొలి హక్కు వాడుకుంటారా అని టెనెంట్లను అడిగే సెక్షన్ 18 నోటీసు మీరే ఇవ్వండి. చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు, కానీ అమ్మేవాళ్లు ఎంత నమ్మకంగా చెప్పినా ఇవ్వడమే మేలు. కనీసం 80 శాతం ఫ్లాట్లకు పంపాలి. 2 నెలల్లో జవాబిచ్చినవాళ్లు సగానికి మించకపోతే మీ కొనుగోలుకు ఆ హక్కు అడ్డురాదు.

5. కొన్నాక కొత్త యజమాని మీరేనని, వాళ్ల హక్కులివీ అని టెనెంట్లకు రాతపూర్వకంగా తెలియజేయండి. 2 నెలలు దాటనివ్వకండి.