గ్రెనడాలో పడవని మళ్ళీ నీళ్ళలోకి దించే పది రోజులు

టొరంటోలో మొదటి మంచు పడే రోజులకి నేను ఓ సంచీలో రబ్బరు వాషర్లు, ఫిల్టర్లు, ఒక సీసా ఆవకాయ కుక్కుకుని, కరీబియన్ దీవి గ్రెనడాకి విమానం ఎక్కేస్తాను. మాది భీమిలి. మా తాత తెప్ప మీద చాపెత్తి వేటకెళ్ళిన మనిషి. నాకు ఇంకో ముగ్గురితో వాటాకి కొన్న 34 అడుగుల పాత తెరచాప పడవ ఉంది. జూన్ నుంచి అది అక్కడి ఒక పడవల యార్డులో ఇనుప స్టాండ్ల మీద ఎండకి ఎండి, వానకి తడుస్తూ ఉంటుంది.

అక్కడే ఎందుకంటే, అట్లాంటిక్ తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. గ్రెనడా 12 డిగ్రీల అక్షాంశంలో, చాలా తుఫాన్ల దారికి దక్షిణంగా ఉంటుంది. అలాగని అసలు రావని కాదు. 2004లో ఐవన్ ఆ దీవిని చితక్కొట్టింది. 2024 జూలై 1న బెరిల్ పక్కనున్న కారియకూ మీద విరుచుకుపడింది. 1999లో లెన్నీ అయితే నవంబరు మధ్యలో, అదీ పడమర నుంచి తూర్పుకి, ఎదురు నడక నడిచింది. అందుకని నవంబరంతా పడవ పనికీ దగ్గర తిరుగుళ్ళకీ పెట్టుకుంటాను. ఉత్తరం దీవులకి వెళ్ళేది డిసెంబరులోనే.

మొదటి రోజు చీపురు తప్ప ఏ పనిముట్టూ ముట్టుకోను. మూతలన్నీ తెరిచి, బూజు పట్టిన చోటల్లా వెనిగర్‌తో తుడిచి, పరుపులు ఎండలో పడేస్తాను. చలిదేశం నుంచి దిగిన ఒంటికి ఆ ఉక్కపోత అలవాటవ్వాలి కదా. తర్వాతి రోజుల్లోనూ పని పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాకే. స్టాండ్లని మాత్రం మీరు అంగుళం కూడా జరపకండి, అది యార్డు వాళ్ళ పని.

నా లెక్కలో నీటి మట్టానికి కిందున్నదే ముందు. చాలామంది పైన రంగులు, పాలిష్‌లతో మొదలెడతారు. కొంప మునిగేది పాలిష్ లేక కాదు. మా పడవ అడుగున నీళ్ళు లోపలికీ బయటికీ వెళ్ళే గొట్టాల కోసం ఏడు కన్నాలున్నాయి, ఒక్కోదానికీ లోపల ఒక సీకాక్, అంటే మూసే కుళాయి. ఆరు నెలలు కదలని కుళాయి బిగుసుకుపోతుంది. ప్రతిదాన్నీ తెరిచి మూసి, గ్రీజు పెట్టి, దానికి తగిలించిన గొట్టాన్ని గట్టిగా లాగి చూడాలి. గొట్టానికి రెండేసి క్లిప్పులుండాలి. పక్కనే ఆ కన్నానికి సరిపడే చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచుకోవాలి. ఇంకో సంగతి: మట్టి గూళ్ళు కట్టే కందిరీగలకి డీజిల్ ట్యాంకు గాలిగొట్టమంటే మహా ఇష్టం. అందులో తీగ పెట్టి పొడవండి. అది మూసుకుపోతే ఇంజను కాసేపు తిరిగి ఆగిపోతుంది, కారణం వెతకలేక మీకు పిచ్చెక్కుతుంది.

ఇంజనుకి సముద్రపు నీళ్ళు తోడే పంపులో ఇంపెల్లర్ అని రబ్బరు చక్రం ఉంటుంది. మూడేళ్ళ కిందట దాన్ని విప్పి, పైపైన చూసి, బాగానే ఉందని మళ్ళీ పెట్టేశాను. కళ్ళజోడు పెట్టుకోలేదు. ఆరు రెక్కల్లో ఒకటి మొదలు దగ్గర చిట్లి ఉంది. యార్డు రేవు దాటి రెండు వందల గజాలు వెళ్ళామో లేదో, ఎగ్జాస్టులో నీళ్ళు ఆగిపోయి ఆవిరి మొదలైంది. ఇంజను కట్టేసి, లంగరు పడేసి, ఆ ఎండలో పంపు విప్పితే రెక్క లేదు! కొత్తది బిగించినంత మాత్రాన సరిపోదు, ఊడిన ముక్క దొరకాలి. లేకపోతే అది లోపల ఎక్కడో నీటిదారికి అడ్డం పడుతుంది. చివరికి ఇంజనుని చల్లబరిచే గొట్టాల మూత విప్పితే, అంచున చింతగింజంత ముక్క ఇరుక్కుని కనపడింది. అప్పటి నుంచి ఒక్కో రెక్కనీ బొటనవేలితో వెనక్కి వంచి మొదలు చూస్తాను. జూన్‌లో పడవ ఎక్కించేటప్పుడే ఇంపెల్లర్ తీసి సంచీలో వేసుకోవడం ఇంకా మంచిది.

అడుగుకి నాచు, గుల్లలు పట్టకుండా యాంటీఫౌలింగ్ రంగు రెండు పూతలు వెయ్యాలి. పడవలోని మిగతా లోహం బదులు తుప్పుకి తను బలయ్యే జింకు ముక్క సగం అరిగితే మార్చెయ్యాలి. దాని మీద మాత్రం రంగు పడకూడదు.

తెరచాప కొయ్యని పట్టి ఉంచే ఉక్కు తీగల వెంట దూది రాసుకుంటూ పోండి. పీచు ఎక్కడ చిక్కితే అక్కడ ఒక పోగు తెగిందన్నమాట. గాలి లేని పొద్దుట చాపలెత్తి, కుట్ల మీద గోరుతో గీకాలి. దారం పొడిపొడిగా రాలితే గుడ్డ ఎంత బాగున్నా మళ్ళీ కుట్టించాల్సిందే. ఎండ ముందు తినేది దారాన్నే.

దించే రోజు క్రేను పట్టీలు వదలకముందే లోపలికి దూకి ఏడు కన్నాలూ తడిమి చూడండి. పై వాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే, "పది నిమిషాలాగండి" అనాలి. చెమ్మ కనపడితే పైకెత్తడం అప్పుడే తేలిక.

మొదటి చాప ప్రయాణం దక్షిణ తీరాన ప్రిక్లీ బే నుంచి రాజధాని సెయింట్ జార్జెస్ దాకా చాలు. వెళ్ళేటప్పుడు దక్షిణ తీరం వెంట గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి హాయిగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి, దానితోపాటు పడమటికి పారే నీరూ ఎదురొస్తాయి. బయల్దేరే ముందే పెద్ద చాపకి ఒక మడత వేసి, చిన్నది చేసి కట్టుకోండి. డిసెంబరు మధ్య నుంచి క్రిస్మస్ గాలులు మొదలైతే 25, 30 నాట్ల వేగంతో, అంటే గంటకి 45, 55 కిలోమీటర్ల దాకా, రోజుల తరబడి వీస్తాయి. మడత వెయ్యడం అప్పుడు నేర్చుకుందామంటే కుదరదు. ఇంకోటి, మన వైజాగ్ రేవులోకి వస్తుంటే ఎర్ర బోయా, అంటే దారి చూపే తేలుడు గుర్తు, ఎడమ చేతికి ఉండాలి. ఇక్కడ కుడి చేతికి. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ మిగతా లోకానికి తిరకాసు పద్ధతిలో ఉంటాయి. నేనిప్పటికీ చుక్కాని పక్కన ఒక చీటీ అంటించుకుంటాను.

లంగరు వెయ్యడానికి నీళ్ళలో తెల్లగా మెరిసే ఇసక మచ్చ చూసుకోండి. నల్లగా కనపడేది గడ్డి, అందులో లంగరు దిగదు. అయిదు మీటర్ల లోతుంటే ముప్ఫై మీటర్ల గొలుసు వదిలి, ఇంజను వెనక్కి నడిపి బిగించాలి. ఆ తర్వాత కళ్ళకి మాస్కు పెట్టుకుని నీళ్ళలోకి దూకి, గొలుసు వెంట ఈదుతూ వెళ్ళి చూస్తాను. నీళ్ళు 28 డిగ్రీల దగ్గర ఉంటే బద్ధకానికి సాకేముంది? లంగరు ముక్కు ఇసకలో దిగబడి, కాడ మాత్రమే కనపడితే పైకొచ్చి పులిహోర డబ్బా తెరుస్తాను. పక్కకి ఒరిగి పడుకుని ఉంటే మాత్రం, ఎంత ఆకలేస్తున్నా లేపి మళ్ళీ వేస్తాను.