రిఫరెన్స్ నంబరు ఇచ్చే ముందు ఒక చిన్న మెసేజ్

ఇంటర్వ్యూ బాగా జరిగిందంటే హెచ్ఆర్ వాళ్లు రిఫరెన్సులు, అంటే మన పని గురించి చెప్పగలిగేవాళ్ల నంబర్లు, అడుగుతారు. మనం పాత మేనేజర్ నంబరు ఇచ్చేస్తాం. కాల్ వెళ్తే ఆయన "ఆ... బాగానే చేసేవాడండీ" అని ఊరుకుంటారు. ఆయన తప్పు కాదు, మూడేళ్ల కిందటి పని ఎవరికి గుర్తుంటుంది!

అందుకే ఇప్పుడు నంబరు ఇవ్వొచ్చా అని ఆయన్ని ముందుగా అడుగుతున్నాను. సరేనన్నాక ఐదారు లైన్ల మెసేజ్ పంపుతున్నాను: ఏ ఉద్యోగం, ఎవరు ఫోన్ చేస్తారు, ఎప్పుడు, మేం కలిసి చేసిన పనుల్లో ఓ రెండు. "బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు పాత డేటా సరిచూసింది నేనే సార్, మూడు వారాలు పట్టింది" ఇలాగన్నమాట. "కష్టపడతాను, అందరితో కలిసిపోతాను" లాంటివి రాయకండి, వాటితో ఆయనకు ఏమీ గుర్తుకురాదు. రెజ్యూమే కూడా జత చేయండి. అందులోని తేదీలు, హోదా మీ లింక్డ్‌ఇన్‌లో ఉన్నవాటితో సరిపోవాలి.

ఒక్క జాగ్రత్త. రిఫరెన్సుగా ఇద్దరి నంబర్లు ఇచ్చి, ఇద్దరికీ ఒకే మెసేజ్ పంపితే ఇద్దరూ ఒకే మాట చెబుతారు, నేర్పించినట్టు ఇట్టే తెలిసిపోతుంది. ఎవరికి వాళ్లు కళ్లారా చూసిన పనే రాయండి.