ఫొటోషాప్ యాక్షన్ మొరాయిస్తే: సమస్యలు - పరిష్కారాలు

కడపలో స్టూడియో, డీటీపీ పని చేసేవాళ్లకు ఇలాంటి ఆర్డర్లు మామూలే. బండల డిపో వాళ్లు నాపరాళ్ల ఫొటోలు కుప్పగా పంపి, "ప్రతి దాని మీదా సైజు, కోడ్, మా డిపో పేరు ఏసి సాయంత్రానికి ఇయ్యన్నా" అంటారు. జూన్ వస్తే బడి పిల్లల ఐడీ కార్డులు మొదలు. ఒక్కో ఫొటో తెరిచి చేత్తో చేస్తూ కూర్చుంటే తెల్లారుతుంది కాబట్టి అందరూ యాక్షన్ (చేసిన పనిని స్టెప్పులుగా గుర్తుపెట్టుకుని మళ్లీ చేసేది) రికార్డు చేసి బ్యాచ్‌లో (ఫోల్డర్‌లోని ఫొటోలన్నింటికీ వరసగా నడిపేది) పెడతారు. మొదటి ఫొటోకు చక్కగా వస్తుంది, రెండో దానికే తప్పుతుంది.

కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. యాక్షన్‌కు ఫొటో కనపడదు. రికార్డు చేసేటప్పుడు మీరు వాడిన లేయర్ (ఫొటో మీద ఒకదానిపై ఒకటి ఉండే పొర) పేరు, జరిపిన దూరం, సేవ్ చేసిన పేరు, ఇవే దానికి తెలుసు. అవి మొదటి ఫొటోవి. యాక్షన్స్ ప్యానెల్‌లో ప్రతి స్టెప్పు పక్కనా చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే లోపల ఏ అంకె, ఏ పేరు రికార్డయిందో కనపడుతుంది. కింద చెప్పిన వాటిలో సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

సమస్య: డిపో పేరు ఒక ఫొటోలో మూలన, ఇంకో ఫొటోలో మధ్యలో, నిలువు ఫొటోలోనైతే అసలు కనపడదు

టెక్స్ట్‌ను మౌస్‌తో లాగి మూలకు జరిపి ఉంటారు. మూవ్ స్టెప్పు తెరిచి చూడండి, ఇన్ని పిక్సెళ్లు పక్కకు, ఇన్ని కిందికి అని ఉంటుంది. 4000 పిక్సెళ్ల వెడల్పున్న అడ్డం ఫొటోలో అది కుడి మూల. 3000 వెడల్పున్న నిలువు ఫొటోలో అదే దూరం జరిపితే పేరు బొమ్మ బయట పడుతుంది.

మౌస్‌తో లాగడం మానేయండి. టెక్స్ట్ లేయర్ మీద ఉండి కంట్రోల్+ఏ కొట్టి, మూవ్ టూల్ తీసుకుని, పైన ఆప్షన్స్ బార్‌లో కుడి అంచుకు అలైన్, కింది అంచుకు అలైన్ నొక్కండి. తర్వాత కంట్రోల్+డీ. ఇది "అంచుకు చేర్చు" అని రికార్డవుతుంది కాబట్టి ఫొటో ఏ సైజైనా మూలకే వెళ్తుంది. అంచుకు మరీ అతుక్కున్నట్టుంటే షిఫ్ట్ పట్టుకుని బాణం కీలతో కొంచెం లోపలికి జరపండి.

అక్షరాల సైజుకూ ఇదే రోగం. ఒక ఫొటోలో పేరు పెద్దగా, ఇంకోదానిలో చీమంతగా వస్తే రిజల్యూషన్ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో) చూడండి. 24 పాయింట్ల అక్షరం 72 రిజల్యూషన్‌లో 24 పిక్సెళ్లు, 300లో 100 పిక్సెళ్లు. ఫోన్ ఫొటో, కెమెరా ఫొటో కలిపి బ్యాచ్‌లో పెడితే తేడా రాక తప్పదు. యాక్షన్ మొదట్లోనే ఇమేజ్ సైజ్ తెరిచి, రీశాంపిల్ టిక్ తీసేసి, రిజల్యూషన్ 300 చేయండి. ఆ వెంటనే ఫైల్ మెనూలో ఆటోమేట్, అందులో ఫిట్ ఇమేజ్‌కు వెళ్లి రెండు గడుల్లోనూ 2000 ఇవ్వండి. అడ్డమైనా నిలువైనా పెద్ద వైపు 2000కు వస్తుంది. ఈ రెండు స్టెప్పులూ అయ్యాకే టెక్స్ట్ వేయాలి.

అన్నట్టు, ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోయి వస్తాయి. డాక్యుమెంట్‌గా పంపమని ముందే చెప్పండి. బండ మీద గీతలు, రంగు తేడా కనపడకపోతే కేటలాగ్ ఎందుకు?

సమస్య: తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి

"ఏమన్నా, పేరు ఇట్ల ఇరిగిపోయింది?" అని కస్టమర్ అడిగే రకం ఇది. లక్ష్మి అని టైప్ చేస్తే ఒత్తులు కిందికి రాకుండా పక్కన వరసగా నిలబడతాయి. ఫాంటు తప్పేమీ లేదు. ఫొటోషాప్ ఆ పేరాను ఇంగ్లిష్ అక్షరాల లెక్కన పేరుస్తోంది, అంతే.

ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే పేజీకి వెళ్లి, మీ వెర్షన్‌లో ఆ ఆప్షన్ ఉంటే వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. కొన్నేళ్ల కిందటి వెర్షన్లలో దీని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. ఫొటోషాప్ మూసి తెరవండి. ఇది కొత్త ఫైళ్లకే పనిచేస్తుంది. పాత ఫైల్‌లో ఉన్న టెక్స్ట్‌కు పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలన ఉన్న మెనూలో మళ్లీ అదే ఎంచుకోవాలి. ఇది చేయకే చాలామంది "మార్చినా రాలేదు" అంటారు. మరీ పాత వెర్షన్లలో ఈ సౌకర్యమే లేదు. అక్కడ అను ఫాంట్లే దిక్కు.

అను ఫాంట్లతో ఇంకో చిక్కుంది. అవి యూనికోడ్ (ఫోన్లు, వాట్సాప్ వాడే అక్షరాల పద్ధతి) కావు. వాట్సాప్‌లో వచ్చిన తెలుగు పేరును కాపీ చేసి అను ఫాంటు పెడితే రాదు, మళ్లీ టైప్ చేయాల్సిందే, లేదా కన్వర్టర్‌లో వేసుకోవాలి. అదే ఫైల్‌ను ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిచి టెక్స్ట్ ముట్టుకుంటే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనపడతాయి. ప్రింటింగుకు పంపే ఫైల్‌లో టెక్స్ట్‌ను కన్వర్ట్ టు షేప్ (అక్షరాలను ఆకారాలుగా మార్చేది) చేసి పంపండి. మార్చుకోగలిగే కాపీ మీ దగ్గర వేరుగా ఉంచుకోండి.

సమస్య: ప్రతి ఫొటోకూ పేరు, సైజు వేరు. యాక్షన్ మాత్రం అందరికీ ఒకే పేరు వేస్తోంది

యాక్షన్ చేయగలిగింది అంతే. ఇక్కడ కావాల్సింది వేరియబుల్స్, అంటే ఒకే డిజైన్‌లో పేరు, ఫొటో షీటును బట్టి మార్చే సౌకర్యం. ఐడీ కార్డు డిజైన్ తెరిచి, ఇమేజ్ మెనూలో వేరియబుల్స్, డిఫైన్‌కు వెళ్లి పేరు లేయర్‌కు టెక్స్ట్ రీప్లేస్‌మెంట్, ఫొటో లేయర్‌కు పిక్సెల్ రీప్లేస్‌మెంట్ ఇవ్వండి. బడి వాళ్లిచ్చిన ఎక్సెల్ షీటును సీఎస్‌వీగా సేవ్ చేసి డేటా సెట్స్‌లో ఇంపోర్ట్ చేయండి.

తెలుగు పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తే, ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేశారన్నమాట. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని వేరే ఆప్షన్ ఉంది, అందులో సేవ్ చేయండి. ఇంపోర్టే కాకపోతే షీటు మొదటి వరసలో ఉన్న పేర్లూ, వేరియబుల్స్‌కు మీరు పెట్టిన పేర్లూ అక్షరం తేడా లేకుండా ఒకటేనా చూడండి. వేరియబుల్ పేరులో ఖాళీ ఉండకూడదు. పిల్లల ఫొటో రాకపోతే, షీటులో ఫొటో పేరు ఒక్కటే కాకుండా డ్రైవ్, ఫోల్డర్‌తో సహా పూర్తి దారి ఇవ్వండి.

ఎక్స్‌పోర్ట్ చేస్తే అన్నీ పీఎస్‌డీలుగా (ఫొటోషాప్ సొంత ఫైళ్లుగా) వస్తాయి. కంగారు పడకండి. ఫైల్ మెనూలో స్క్రిప్ట్స్, ఇమేజ్ ప్రాసెసర్‌కు ఆ ఫోల్డర్ చూపిస్తే అన్నింటినీ జేపెగ్ చేసి పెడుతుంది.

సమస్య: ఫోల్డర్ మొత్తం నడిచింది, చివరికి ఒకే ఫైల్ మిగిలింది

రికార్డు చేసేటప్పుడు సేవ్ యాజ్‌లో ఫైల్ పేరు టైప్ చేశారు. ప్రతి ఫొటో అదే పేరుతో ముందు దాని మీద పడింది. బ్యాచ్ డబ్బాలో ఓవర్‌రైడ్ యాక్షన్ సేవ్ యాజ్ కమాండ్స్ టిక్ పెట్టి, డెస్టినేషన్‌గా వేరే ఫోల్డర్ ఇవ్వండి. సేవ్ స్టెప్పును మాత్రం యాక్షన్‌లో ఉంచాలి, జేపెగ్ క్వాలిటీ అందులోంచే తీసుకుంటుంది.

పైన ఓపెన్ కమాండ్స్‌కు కూడా ఇలాంటి టిక్కే ఉంటుంది. యాక్షన్‌లో ఓపెన్ స్టెప్పు లేకుండా అది పెడితే ఫొటోలు తెరుచుకోవు.

సమస్య: ఫలానా లేయర్ అందుబాటులో లేదని ఆగిపోతోంది

లేయర్‌ను మౌస్‌తో నొక్కితే దాని పేరు రికార్డవుతుంది. ఇంకో ఫైల్‌లో ఆ పేరుతో లేయర్ ఉండదు. ఆల్ట్ పట్టుకుని కామా కొడితే అన్నిటికన్నా కింది లేయర్, ఫుల్‌స్టాప్ కొడితే పై లేయర్ వస్తుంది. అలా రికార్డు చేయండి.

సమస్య: బ్రష్‌తో గీసిన గుర్తు యాక్షన్‌లో పడలేదు

ప్యానెల్ మెనూలో అలౌ టూల్ రికార్డింగ్ టిక్ పెడితే పడుతుంది. కానీ పెట్టి లాభం లేదు. ఈ బండలో పగులు ఎడమ వైపుంటే ఆ బండలో కుడి వైపుంటుంది, యాక్షన్ రెండింట్లోనూ ఎడమనే గీస్తుంది. బాణాలు, సున్నాలు చేత్తోనే వేయాలి.

సమస్య: నోట్ టూల్‌తో రాసిన కరెక్షన్లు కస్టమర్‌కు కనపడలేదు

నోట్లు పీఎస్‌డీ, టిఫ్, పీడీఎఫ్‌లలో నిలుస్తాయి, జేపెగ్‌లో పోతాయి. పీడీఎఫ్ పంపండి. మీ సిస్టంలోనే కనపడకపోతే కంట్రోల్+హెచ్ కొట్టి చూడండి.

సమస్య: కరెంటు పోయింది, పొద్దున చేసిన యాక్షన్ లేదు

ఫొటోషాప్ యాక్షన్లను మూసేటప్పుడే భద్రపరుస్తుంది. మధ్యలో సిస్టం ఆగిపోతే కొత్తవి పోతాయి. రికార్డు పూర్తయ్యీ కాగానే ప్యానెల్ మెనూలో సేవ్ యాక్షన్స్ నొక్కి, ఆ ఏటీఎన్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోనూ వేసుకోండి. ఆ ఆప్షన్ మసకగా ఉండి నొక్కనివ్వకపోతే మీరు యాక్షన్‌ను ఎంచుకుని ఉన్నారు. దాని పైన ఫోల్డర్ బొమ్మతో ఉన్న సెట్‌ను ఎంచుకుంటే వెలుగుతుంది.